సతీష్ గారి బూటుకు సరిపడే పెడల్స్

వేసవి ముదిరాక అమలాపురం నుంచి ఓడలరేవుకి సైకిలు మీద వెళ్లేవాడికి ఎదురుగాలి తప్పదు. పొద్దు పొడవకముందే సముద్రం మీద లేచి, కొబ్బరితోటల సందుల్లోంచి వచ్చి, రొమ్ము మీద చెయ్యేసి వెనక్కి నెడుతూ ఉంటుంది. ఎవరో ఒకరు ముందుండి ఆ గాలికి ఎదురు తొక్కితే, ఆ మనిషి వీపు చాటున తక్కినవాళ్లు చాలా తక్కువ కష్టంతో వెళ్లిపోవచ్చు. జట్టుగా సైకిలు తొక్కేవాళ్లందరికీ తెలిసిన కిటుకే ఇది. అందుకే ఎక్కడైనా వంతులేసుకుంటారు, కాసేపు నువ్వు, కాసేపు నేను అని. గంగాధరరావు గారి బృందంలో మాత్రం ఆ వంతుల బాదరబందీ లేదు. నాలుగేళ్లుగా ముందుండేది క్రాంతికుమారే.

ఎవరైనా బలవంతం చేశారా అంటే లేదు. చేసుంటే బాగుండేది, తిరగబడడానికి ఒక సాకు దొరికేది. "మీరు కాస్త ముందుండండి మాస్టారూ, మీరుంటే మాకదో ధైర్యమండి" అనేవారు. అంతే. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే నలభై మూడేళ్ల మనిషి ఆ మాటకి మొదట్లో పొంగిపోయాడు. ఆ పొంగు దిగడానికి చాలా కాలమే పట్టింది. దిగాక మాత్రం, ఆ మాట వినబడ్డప్పుడల్లా అతనికి మెడ వెనక చెయ్యి వేసినట్టే ఉండేది.

బృందానికి పెద్ద గంగాధరరావు గారు. ఒకప్పుడు పంచాయతీ ప్రెసిడెంటుగా చేసిన మనిషి, అరవై దాటినా మీసం నలుపు తగ్గనివ్వడు. ఆయన మేనల్లుడు నాగసతీష్‌కి మలికిపురంలో కొబ్బరి వ్యాపారం ఉంది, ఐ.పోలవరం పక్క రొయ్యల చెరువులున్నాయి, అందరికంటే తేలికైన సైకిలు ఉంది. చెడ్డవాడు కాదు. నవ్వుతూ మాట్లాడతాడు, ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా కారు పంపిస్తాడు. చెడ్డవాడైతే క్రాంతికుమార్ బతుకు ఇంకాస్త సులువయ్యేది.

ఆదివారాలు దూరం వెళ్లేవారు. ఓడలరేవు దాకా గాలి మొయ్యడం క్రాంతికుమార్ వంతు. అక్కడికి చేరాక వాళ్లు టిఫిన్లకి కూర్చుంటే ఇతను చర్చిలో ఆరాధన వేళకి అందుకోవాలని వెంటనే వెనక్కి తిరిగేవాడు. వాళ్లు సముద్రం దగ్గర తీసుకున్న ఫోటోలు మధ్యాహ్నానికి ఫోనులో వచ్చేవి. నాలుగేళ్ల ఫోటోలు వెతికినా వాటిల్లో క్రాంతికుమార్ ఉండడు.

ఆ వేసవిలో రాయవరం నుంచి ఐ.పోలవరం దాకా జట్ల పందెం పెడుతున్నారని తెలిసింది. జట్టుకి నలుగురు. అందులో ఒకరు నాయకుడు. అతను గీత దాటిన సమయమే జట్టు సమయం. తక్కిన ముగ్గురి పనీ అతనికి గాలి తగలకుండా కాపుకాసి చివరిదాకా తీసుకెళ్లడం. గెలిస్తే మెడలో దండ అతనికే పడుతుంది.

ఆ నాయకుడు తను కావాలని క్రాంతికుమార్‌కి కోరిక పుట్టింది. పిల్లకి పెళ్లీడొస్తున్న వయసులో ఇదేం పిచ్చి అని తనే సిగ్గుపడ్డాడు గానీ, కోరిక పోలేదు. ఒక్కసారి, ఒక్క పందెంలో, ముగ్గురి వీపుల చాటున బలం దాచుకుని వచ్చి, ఆఖర్న బయటికి దూకి గీత దాటాలి. అంతకుమించి ఏమీ అడగడం లేదు. ఒకరోజు టీ తాగుతూ ఆ మాట గంగాధరరావు గారి దగ్గర తిప్పితిప్పి కదిపాడు. ఆయన నవ్వి, ఎవరికి బలముంటే వాళ్లే ఉంటారు, అందులో మొహమాటాలెందుకన్నారు. ఆ మాటని క్రాంతికుమార్ భద్రంగా ఇంటికి పట్టుకెళ్లాడు.

బలానికి కొలత ఉంది కదా. ఇంటర్ పిల్లలకి ఏటా చెప్పే పాఠమే. కాలు పెడల్‌ని ఎంత బలంతో తొక్కుతోందో, ఎంత వేగంగా తిప్పుతోందో చూసి, ఇన్ని వాట్లు అని తేల్చేసే మీటర్లు వచ్చి చాలాకాలమైంది. వేగాన్ని గాలి దొంగిలిస్తుంది. వాట్లని ఎవడూ దొంగిలించలేడు. అంకెకి ఇంటిపేరుండదు, ఫలానా వారి మేనల్లుడనీ ఉండదు. ఈ నమ్మకంతోనే అతను పవర్ మీటరు కొనడానికి దిగాడు. చదువుకున్నవాడి అమాయకత్వం ఎప్పుడూ ఇలాంటి చోటే బయటపడుతుంది.

సెలవులు కదా, పగలంతా ఫోను పట్టుకుని కూర్చునేవాడు. మీటర్లు మూడు రకాలు. వెనక చక్రం బొడ్డులో ఉండేది ఒకటి, పెడల్ కాడలో ఉండేది ఒకటి, అచ్చంగా పెడల్‌లోనే ఉండేది ఇంకొకటి. చక్రంలోదీ కాడలోదీ ఒక సైకిలుకి బిగిస్తే దానికే అతుక్కుపోయినట్టు. పెడల్స్ అయితే అలా కాదు. ఒక పానాతో విప్పి ఇంకో సైకిలుకి బిగించెయ్యొచ్చు. తన బలం ఒక్కటే తెలిస్తే సరిపోదు, పక్కవాడి బలమూ అదే కొలతతో తేలాలి. కాబట్టి పెడల్సే.

అందులోనూ ఎడమ పెడల్‌లో మాత్రమే మీటరుండేవి కొన్ని. అవి ఎడమకాలి లెక్క రెట్టింపు చేసి రెండుకాళ్ల లెక్కని చూపిస్తాయి. తేలిగ్గా దొరుకుతాయి, మామూలుగా తొక్కేవాడికి అవే ఎక్కువ. క్రాంతికుమార్ వాటిని పక్కన పెట్టేశాడు. రేపు తన అంకె పెద్దదొస్తే, మాస్టారికి ఎడమకాలు వాటమండి అని నవ్వేస్తారు. వంక పెట్టడానికి సందివ్వకూడదు. రెండు పెడల్స్‌లోనూ మీటరున్నదే కావాలి.

అక్కడితో అయితే బాగానే ఉండును. ఈ పెడల్స్‌కి బూటు తగులుకోవాలంటే బూటు అడుగున క్లీటు అనే ప్లాస్టిక్ ముక్క బిగించాలి. ఒక రకం క్లీటు ఇంకో రకం పెడల్‌కి పట్టదు. బృందంలో అందరూ సతీష్ చెప్పిన షాపులో కొన్నవాళ్లే గనక అందరివీ ఒకటే రకం. పాత విద్యార్థి దగ్గర సైకిలు కొన్న క్రాంతికుమార్ ఒక్కడిదే వేరు. తన క్లీటుకి పట్టే పవర్ మీటర్లలో మంచివి ఉన్నాయి, అతని మోకాలికి అలవాటైన రకమూ అదే. అయినా ఆలోచించి ఆలోచించి, సతీష్ క్లీటుకి పట్టేవే ఆర్డరు పెట్టాడు. తన బూట్లకున్నవి ఊడబీకి కొత్తవి బిగించుకున్నాడు.

భార్య పుష్పలత ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, వరండాలో బూట్లు బోర్లించుకుని మరలు తిప్పుతున్న భర్తని కాసేపు నిలబడి చూసింది. సంగతంతా చెప్పించుకుంది.

"అంటే మీ పెడల్సుకి సతీష్ గారి బూటు కొలతిచ్చేరన్నమాట" అంది.

అతను కొలత కాదనీ, క్లీటు అనీ, పరీక్ష న్యాయంగా జరగాలంటే అదొక్కటే మార్గమనీ పాఠం మొదలుపెట్టాడు. ఆమె విని లోపలికి వెళ్లిపోయింది. పుష్పలత విని ఊరుకుందంటే ఒప్పుకోలేదని అర్థం. అది అతనికి తెలుసు.

అందరి బలమూ ఒకే మీటరుతో కొలుద్దామంటే బృందం సరేనంది, పరీక్ష బోడసకుర్రు వంతెన దగ్గర పెట్టుకున్నారు. ఒక్కొక్కరూ ఒంటరిగా ఇరవై నిమిషాలు, ఉన్న బలమంతా పెట్టి తొక్కి రావాలి. తక్కినవాళ్లు వంతెన మొదట్లో నిలబడి చూస్తారు. పెడల్స్ మార్చే పని సహజంగా క్రాంతికుమార్ మీదే పడింది, అవి ఆయనవే కదా. రోడ్డు మీద గొంతుకూర్చుని సతీష్ సైకిలుకి తనే బిగించాడు. మీటరుని సున్నాకి తెచ్చి సరిచూశాడు. సతీష్ నిలబడి, అయ్యో మీకెందుకండీ శ్రమ అని రెండుసార్లన్నాడు. వంగలేదు.

సతీష్‌కి రెండువందల ఇరవై వాట్లొచ్చాయి. గంగాధరరావు గారు మధ్యలోనే ఆపేశారు. ఇంకొకాయనకి రెండువందలు దాటలేదు. చివర క్రాంతికుమార్ ఎక్కాడు. తిరిగొచ్చి దిగేసరికి నోట్లో ఇనుము రుచి. రెండువందల డెబ్బై. ఆ అంకెని అందరూ ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు. అతని జీవితంలో అంత సంతోషమైన నిమిషం, పుష్పలత కూతుర్ని కన్న రోజు తర్వాత, అదొక్కటే.

గంగాధరరావు గారు కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశారు. తృప్తిగా తలాడించారు.

"అనుకుంటానే ఉన్నానండి. మీ తాత దానం మా కొబ్బరికాయల పడవకి తాడు లాగేవాడు. కాలవ గట్టెంట నడుచుకుంటా, ఎదురుగాలైనా సరే ఆగేవాడు కాదంట. మా నాన్నగారు తెగ చెప్పేవారు. ఆ రక్తం ఎక్కడికి పోద్దండి?"

ఆయన తిట్టలేదు. నిజంగానే మెచ్చుకున్నారు, ముఖంలో వెలుగు కూడా ఉంది. క్రాంతికుమార్‌కి తాతగారి భుజం మీది మచ్చ గుర్తొచ్చింది. తాడు రాసుకుపోయి చర్మం నల్లగా, తోలులా గట్టిపడిన చోటు. చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి ఇదేంటని అడిగితే, హెడ్మాస్టరుగా చేస్తున్న తండ్రి చెయ్యి లాగేసి చదువుకోమన్నాడు. రెండు తరాలు చదివి, కొలిచి తెచ్చుకున్న అంకెని ఈయన చిటికెలో ఆ తాడుకి ముడేశారు.

గంగాధరరావు గారి మాట ఇంకా పూర్తి కాలేదు.

"ఇంత బలమున్న మనిషిని వెనకాల దాచుకోడం తెలివితక్కువండి. మీరు ముందుండాలి. సతీష్‌ని ఎదుర్లంక వంతెన దాటించెయ్యండి, ఆఖర్ని ఆడు దూకుతాడు. మీ లెక్క కూడా అదే చెప్తంది కదండీ?"

సైకిలు పందేల శాస్త్రం ప్రకారం అందులో తప్పు పట్టడానికి లేదు. ఎక్కువసేపు బలంగా తొక్కగలిగినవాడు గాలి మొయ్యాలి, చివర్లో చురుగ్గా దూకేవాడు నాయకుడవ్వాలి. సతీష్ దూకుడు ఏపాటిదో ఎవరూ కొలవలేదు, కొలుద్దామని ఎవరికీ తోచలేదు. ఆ మాట క్రాంతికుమార్ గొంతుదాకా వచ్చింది. ఎవరికి బలముంటే వాళ్లే అన్నారు కదండీ అన్న మాటా వచ్చింది. రెండూ అక్కడే ఆగిపోయాయి.

ఈలోగా సతీష్ భుజం మీద చెయ్యి వేశాడు. పందెం అయ్యేదాకా ఆ పెడల్స్ తన సైకిలుకే ఉంచమని అడిగాడు. ఎక్కడ బలం వాడాలో, ఎక్కడ దాచుకోవాలో నాయకుడికి తెలుస్తూ ఉండాలి కదా. "మీకు మీటరెందుకండీ, గాలి మీ ఒంటికే తెలుస్తాది" అన్నాడు.

"ఆయ్" అన్నాడు క్రాంతికుమార్.

కాదనే మాట ఉంటుంది, నిఘంటువులో. ఇంత మర్యాదగా అడిగినవాళ్ల ముందు అది నోట్లోకి రావడానికి వేరే పెంపకం కావాలి. గోదావరి నీళ్లలో పంచదార ఉందని అందరూ అంటారు గానీ, ఆ పంచదార ఎందరి నాలుకలు అంటించేసిందో ఎవరూ చెప్పరు. అతను మళ్లీ రోడ్డు మీద గొంతుకూర్చున్నాడు. తన సైకిలుకి పాత పెడల్సే వేసుకుని, కొత్తవి సతీష్ సైకిలుకి బిగించాడు. ఊగకుండా ఉన్నాయో లేదోనని ఒకటికి రెండుసార్లు చూశాడు కూడా.

పందెం రోజున రాయవరం నుంచి ద్రాక్షారామం దాకా ఆడుతూ పాడుతూ సాగింది. ఆ తర్వాత గాలి మొదలైంది. మిగిలిన ఇద్దరూ ఒకరి వెనక ఒకరు రాలిపోయారు. యానాం దాటి ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి ముందు క్రాంతికుమార్, అతని వెనక చక్రానికి జానెడు దూరంలో సతీష్, ఆ వెనక వేరే జట్ల వాళ్లు నలుగురైదుగురు మిగిలారు. కింద గౌతమి పోటెత్తి ఉంది. వంతెన మీద చెట్టు లేదు, గోడ లేదు. ఆ గాలి తిన్నగా అతని ఛాతీ మీదికే వచ్చింది.

నడుమకి వచ్చాక ఒక ఆలోచన వచ్చింది. ఇప్పుడు కొంచెం పక్కకి జరిగితే చాలు. కండరం పట్టేసిందంటే ఎవరు కాదంటారు? సతీష్ ముఖానికి గాలి తగులుతుంది, రెండువందల ఇరవై వాట్ల మనిషి రెండు నిమిషాల్లో తేలిపోతాడు. ఆ ఆలోచన చల్లగా, హాయిగా ఉంది. హ్యాండిల్ మీద చేతులు నిజంగానే కాస్త పక్కకి తిరిగాయి.

"మాస్టారూ, ఇంకొంచెం" అన్న మాట వెనక నుంచి వినిపించింది.

కాళ్లు ఆ మాట విన్నాయి. అతన్నడగలేదు. చేతులు మళ్లీ తిన్నగా అయ్యాయి, వేగం పెరిగింది. వంతెన దిగేదాకా తల ఎత్తకుండా తొక్కాడు. దిగిన చోట సతీష్ అతని పక్కనుంచి బాణంలా వెళ్లిపోయాడు, ఆ వెనక తక్కినవాళ్లూ వెళ్లిపోయారు. క్రాంతికుమార్ సైకిలు దిగి, రెయిలింగు పట్టుకుని వాంతి చేసుకున్నాడు.

అతను ఐ.పోలవరం చేరేసరికి దండ పడిపోయింది, ఫోటోలు అయిపోయాయి. సతీష్ ఎదురొచ్చి గట్టిగా కావలించుకుని, మా మాస్టారు లేకపోతే నేను లేనని అందరికీ వినబడేలా చెప్పాడు. ఫోను తీసి ఆ రోజు లెక్క చూపించాడు. సగటున నూట నలభై వాట్లు. అంత తక్కువ కష్టంతో ఎవరూ గెలిచి ఉండరని, అందుకే కిటుకు తెలిసినవాడివని మెచ్చుకుంటున్నారని నవ్వాడు. అది పక్కనున్నవాళ్లకీ చూపించాడు.

ఇంటికెళ్లాక పుష్పలత పళ్లెం పెడుతూ అడిగింది.

"మరి మీకెంతొచ్చిందండీ?"

"నావి కొలవలేదుగా. మీటరు ఆయన దగ్గరుంది."

ఆమె అన్నం వడ్డించే చెయ్యి ఆపింది. ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి భరించరానిదైంది. పళ్లెం తోసేసి లేచాడు, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె మీద అరిచాడు. అరవాల్సిన చోట ఆయ్ అని వచ్చిన మనిషి ఇంట్లో పులి అయ్యాడు. తర్వాత పెరట్లో పంపు కింద తల పెట్టి కూర్చున్నాడు.

తర్వాతి ఆదివారం అతను ఆరాధనకి వెనక్కి తిరగలేదు. ఓడలరేవులో అందరూ టిఫిన్లు తింటుంటే పానా తీసుకుని సతీష్ సైకిలు దగ్గరికి నడిచాడు.

"నా పెడల్స్ తీసుకుంటున్నానండి" అన్నాడు.

సతీష్ పాత పెడల్స్ ఇంటి దగ్గరున్నాయి. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ అడ్డుపడలేదు. ఎడమ పెడల్ మర తిరగేసి తిప్పితే గానీ ఊడదు, ఆ కంగారులో అతను రెండుసార్లు బిగించేశాడు. చివరికి రెండూ ఊడదీసి చొక్కా వెనక జేబుల్లో వేసుకున్నాడు. "ఏం పర్లేదండి, మీవే కదా" అన్నాడు సతీష్, నవ్వు చెదరకుండానే. తర్వాత కారు పంపమని ఎవరికో ఫోను చేసుకుంటూ, క్లీట్ల బూట్లు టక్కుటక్కుమంటుండగా నీడలోకి నడిచాడు. మాస్టారికి ఎండ దెబ్బ తగిలినట్టుందని గంగాధరరావు గారు అనడం, ఎవరో గొంతు తగ్గించి నవ్వడం క్రాంతికుమార్‌కి వినిపించింది.

మర్నాటి నుంచి ఫోను మోగలేదు. ఎవరూ గొడవ పెట్టుకోలేదు, దారిలో కనబడితే చెయ్యెత్తి నమస్కారం పెడుతూనే ఉన్నారు. బృందం ఇప్పుడు వేరే వేళకి బయలుదేరుతోందని మాత్రం తర్వాత తెలిసింది.

అతను ఒంటరిగా తొక్కడం మొదలుపెట్టాడు. పెడల్స్ తనవి, రోడ్డు తనది, ఎవరినీ మొయ్యనక్కర్లేదు. కానీ మీటరు మీద అంకె రెండువందల పది దగ్గరే ఆగిపోయేది. మొదటిరోజు నిద్ర చాలలేదనుకున్నాడు. తర్వాత ఎండనుకున్నాడు, ఆ తర్వాత ఈ క్లీట్లు మోకాలికి పడటం లేదనుకున్నాడు. సాకులన్నీ అయిపోయిన రోజున ఓడలరేవు దారిలో ఎదురుగాలికి పళ్లు బిగించి తొక్కినా అంకె కదల్లేదు. అప్పుడు, తనకే తెలియకుండా, వెనక సతీష్ ఉన్నాడనుకున్నాడు. జానెడు దూరంలో ఊపిరి. మాస్టారూ, ఇంకొంచెం.

రెండువందల ముప్పై. రెండువందల యాభై. అంకె గబగబా ఎక్కింది.

క్రాంతికుమార్ బ్రేకులు నొక్కి, కాళ్లు నేల మీద పెట్టాడు. బోడసకుర్రు దగ్గర ఆ రోజు కూడా ఒంటరిగా తొక్కాడు గానీ, వంతెన మొదట్లో వాళ్లు నిలబడి చూస్తున్నారు. వాళ్లు వెనకో, ఎదురుగానో ఉంటే తప్ప ఈ కాళ్లు తనకోసం తొక్కవు. నెలంతా వెతికి, వంక పెట్టడానికి వీల్లేనిదే కావాలని ఏరి తెచ్చుకున్న మీటరు ఇది. దాని మాటకి ఏ వంకా దొరకలేదు. సైకిలు వెనక్కి తిప్పి మెల్లగా ఇంటిదారి పట్టాడు.

గుమ్మంలోకి వచ్చేసరికి పుష్పలత డ్యూటీకి తయారై జడ వేసుకుంటోంది. ఆ అరిచిన రోజు తర్వాత ఆమె సైకిలు సంగతి ఎత్తడం ఇదే మొదలు.

"ఇవాళెంతొచ్చిందండీ?"

అతను మెట్టు మీద కూర్చుని బూటు తాళ్లు విప్పుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"రెండువందల డెబ్బై" అన్నాడు.